ఫోటాన్‌ని నమ్మొచ్చు, మధ్యవర్తి మాటేమిటి?

1989లో అమెరికాలోని ఐబీఎం ల్యాబ్‌లో చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్డ్, వాళ్ల బృందం కలిసి ఒక బల్ల మీద చిన్న ప్రయోగం చేశారు. ఒక కొస నుంచి వదిలిన మినుకుమినుకు వెలుతురు గాల్లో 32 సెంటీమీటర్లు వెళ్లి రెండో కొసన ఉన్న డిటెక్టర్లలో పడింది. దూరం అంతే. కానీ ఒక రహస్య కీని, అంటే సందేశానికి తాళం వేసే బిట్ల వరసను, క్వాంటం పద్ధతిలో పంచుకోవడం ప్రపంచంలో అదే మొదలు. అదీ ఫైబర్‌లో కాదు, గాల్లో.

ఈ కథలో నాకు బాగా నచ్చే ముక్క ఇంకోటి ఉంది. ఫోటాన్ల, అంటే వెలుతురు రేణువుల, ధ్రువణాన్ని (పోలరైజేషన్, వెలుతురు కంపించే దిశ) మార్చే పరికరాలకు హై వోల్టేజీ ఇవ్వాలి. ఏ ధ్రువణం కావాలన్నదాన్ని బట్టి వోల్టేజీ మారుతుంది, దాంతోపాటు పవర్ సప్లై చేసే చప్పుడూ మారేది. పక్కన నిలబడి చెవి పెడితే చాలు, కీ మొత్తం వినిపించేది. చెవిటి దొంగ నుంచైతే మా సిస్టమ్‌కి తిరుగులేని రక్షణ ఉందని బ్రసార్డ్ ఆ తర్వాత తన మీద తానే జోకు వేసుకున్నారు.

ఆ 32 సెంటీమీటర్లు ఇప్పుడు వేల కిలోమీటర్లయ్యాయి. ల్యాబ్‌లో బల్ల పోయి ఉపగ్రహం వచ్చింది. పేపర్లో హెడ్డింగు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "హ్యాక్ చేయడం అసాధ్యం". సర్వర్ల సెక్యూరిటీ చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి ఈ వార్త వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నాకు పంపి, ఇంకేం, నీ ఉద్యోగం పోయినట్టేనా అని అడుగుతారు. పోలేదు. ఫ్రీ స్పేస్ క్వాంటం కీ పంపిణీ, అంటే ఫైబర్ లేకుండా గాల్లోంచి, శూన్యంలోంచి కీ పంచుకోవడం, చాలా గొప్ప పరిశోధన, దాని మీద డబ్బు పెట్టాల్సిందే. కానీ ఇప్పుడు ఆకాశంలో నడుస్తున్న రకంలో మనం మనుషుల్ని నమ్మడం మానేయలేదు. నమ్మాల్సిన మనిషిని నేల మీద నుంచి 500 కిలోమీటర్ల ఎత్తుకు మార్చాం. ఈ తేడా దాచిపెట్టి అమ్మేవాళ్ల మీదే నా కోపమంతా.

ముందు పద్ధతి చూద్దాం. దీనికి బీబీ84 అని పేరు. బెన్నెట్, బ్రసార్డ్ దీన్ని 1984 డిసెంబరులో ఒక సదస్సులో బయటపెట్టారు. ఆ సదస్సు జరిగింది మన బెంగళూరులోనే. పంపేవారు ఒక్కో ఫోటాన్‌కి నాలుగు ధ్రువణాల్లో ఒకటి ఇస్తారు: నిలువు, అడ్డం, 45 డిగ్రీల్లో ఇటు వాలు, అటు వాలు. నిలువు, అడ్డం ఒక జత. రెండు వాలులూ ఇంకో జత. జతలో ఒకటి సున్నా, రెండోది ఒకటి. ఏ జత వాడాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చుకుంటారు. అవతలివారికి అది తెలియదు కాబట్టి వాళ్లూ బొమ్మా బొరుసూ వేసి ఏదో ఒక జతలో కొలుస్తారు. అంతా అయ్యాక, ఎవరు విన్నా ఫర్వాలేని మామూలు లైన్లో, ఏ ఫోటాన్‌కి ఏ జత వాడారో మాత్రం చెప్పుకుంటారు. జత కలవనివి పారేస్తారు. సగం అక్కడే పోతాయి. మిగిలిందే కీకి ముడిసరుకు.

మధ్యలో దొంగ ఉన్నాడనుకోండి. ఫోటాన్‌ని కాపీ తీసి ఒకటి దాచుకుని ఒకటి పంపుదామంటే కుదరదు. తెలియని క్వాంటం స్థితిని కాపీ చేయడం అసాధ్యమని 1982లోనే నిరూపించారు. పట్టుకుని కొలవాలి, కొలిచి మళ్లీ కొత్తది పంపాలి. ఏ జతలో కొలవాలో వాడికీ తెలియదు కాబట్టి సగం సార్లు తప్పు జత ఎంచుకుంటాడు. ఆ తప్పిన వాటిలో సగం అవతల తప్పు జవాబిస్తాయి. అంటే వాడు అన్ని ఫోటాన్లనీ పట్టుకుంటే మిగిలిన బిట్లలో 25 శాతం తప్పులు కనిపిస్తాయి. ఇద్దరూ కొన్ని బిట్లు బయటపెట్టి సరిచూసుకుంటే దొంగ ఉన్నట్టు తెలిసిపోతుంది. తప్పులు దాదాపు 11 శాతం దాటితే మామూలు బీబీ84లో ఆ కీ పనికిరాదు, మొత్తం పారేయాలి. అంతకు తక్కువైతే తప్పుల్ని దిద్ది, దొంగకి తెలిసే అవకాశం ఉన్నంత మేరకు కీని కుదించుకుంటారు.

ఇక్కడిదాకా నాకు ఏ పేచీ లేదు. లెక్క నిక్కమైనది.

మరి ఫైబర్ ఉండగా గాల్లో ఎందుకు? దీనికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. మంచి ఫైబర్లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ నష్టం. 100 కిలోమీటర్లకు 20 డెసిబెల్స్, అంటే వంద ఫోటాన్లలో ఒకటి చేరుతుంది. ఫర్వాలేదు. 1,000 కిలోమీటర్లకు 200 డెసిబెల్స్. అంటే ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెడితే ఎంతో, అన్ని ఫోటాన్లకు ఒకటి. సెకనుకు వెయ్యి కోట్లు పంపినా ఒక్క ఫోటాన్ చేరడానికి మూడు వందల ఏళ్లు పైనే పడుతుంది. మామూలు ఇంటర్నెట్‌లో అయితే మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు పెట్టి సిగ్నల్ పెంచుతారు. ఇక్కడ కుదరదు, పెంచడమంటే కాపీ చేయడమే. దొంగను ఆపిన నియమమే మనకీ అడ్డం పడింది.

గాల్లో సంగతి వేరు. నేల మీద నుంచి నిట్టనిలువుగా చూస్తే చిక్కటి గాలి ఉండేది సుమారు 10 కిలోమీటర్ల ఎత్తుదాకానే. ఆ పైన దాదాపు శూన్యం, అక్కడ ఫోటాన్‌ని మింగేది ఏమీ లేదు. కిరణం వెడల్పు అవుతూ పోవడం వల్ల కొంత నష్టం ఉంటుంది గానీ అది దూరం వర్గంతో పెరుగుతుంది, ఫైబర్లో లాగా ప్రతి 15 కిలోమీటర్లకీ రెట్టింపు మీద రెట్టింపు కాదు. పైగా గాలి ధ్రువణాన్ని చెడగొట్టదు. ఫైబర్ చెడగొడుతుంది. అందుకే పరిశోధకులు కొండలెక్కారు. 2002లో ఆల్ప్స్ పర్వతాల్లో రెండు శిఖరాల మధ్య 23.4 కిలోమీటర్లు, 2007లో కానరీ దీవుల్లో లా పాల్మా నుంచి టెనెరిఫేకి 144 కిలోమీటర్లు. 2016 ఆగస్టులో చైనా మిషియస్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది.

ఆ ఉపగ్రహంతో 2016 డిసెంబరులో ఒక రాత్రి జరిగిన పని వివరాలు తర్వాతి ఏడాది వాళ్ల పేపర్లో వచ్చాయి. అవి చదివితే ఇది ఎంత కష్టమో తెలుస్తుంది, ఎంత కొంచెం దక్కుతుందో కూడా తెలుస్తుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతున్న ఉపగ్రహంలో 30 సెంటీమీటర్ల టెలిస్కోప్. బీజింగ్‌కి దగ్గర్లో షింగ్‌లాంగ్ గ్రౌండ్ స్టేషన్లో మీటరు వెడల్పు టెలిస్కోప్. కింద నుంచి ఒక లేజర్, పై నుంచి ఇంకో లేజర్, ఇవి ఒకరినొకరు గుర్తుపట్టి గురి తప్పకుండా ఉండడానికి. అసలు ఫోటాన్లు వేరే, కంటికి కనిపించని 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. 1,200 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేసరికి ఆ కిరణం పన్నెండు మీటర్ల దాకా పరుచుకుంటుంది. దాన్ని మీటరు అద్దంతో పట్టాలి. పగలైతే ఎండలో వచ్చే ఫోటాన్ల వరదలో ఇవి కొట్టుకుపోతాయి కాబట్టి రాత్రే చేయాలి. మబ్బు ఉండకూడదు.

ఆ రాత్రి ఉపగ్రహం గురిలో ఉన్నది 273 సెకన్లు. సెకనుకు పది కోట్ల పల్స్‌లు, అంటే మొత్తం 2,730 కోట్లు. కింద డిటెక్టర్లకు చిక్కినవి సుమారు 35 లక్షలు. జత కలిసినవి సుమారు 16 లక్షల 70 వేలు. తప్పులు దిద్ది, దొంగ వాటా తీసేసి, అన్నీ పోగా చేతికొచ్చిన కీ మూడు లక్షల బిట్లు. అది 40 కిలోబైట్లు కూడా కాదు, ఫోన్లో తీసిన చిన్న ఫోటో అందులో పట్టదు. దీన్ని చులకన చేయడానికి చెప్పట్లేదు. 2,730 కోట్ల మినుకుల్లోంచి ఏరిన ఆ జత కలిసిన బిట్లలో, దిద్దకముందే, తప్పుల శాతం ఒకటి దగ్గరే ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సరే, ఇప్పుడు అసలు పేచీ.

2017 సెప్టెంబరులో ఇదే ఉపగ్రహం సాయంతో బీజింగ్, వియన్నా మధ్య 75 నిమిషాల వీడియో కాల్ జరిగింది. ఖండాంతర క్వాంటం కాల్ అని ప్రపంచమంతా మోగిపోయింది. కీ ఎలా చేరిందో చూడండి. ఉపగ్రహం చైనా మీదుగా పోయేటప్పుడు అక్కడి స్టేషన్‌తో ఒక కీ తయారుచేసుకుంది. ఆస్ట్రియా మీదుగా పోయేటప్పుడు అక్కడి స్టేషన్‌తో ఇంకో కీ. తర్వాత ఆ రెండింటినీ బిట్‌కి బిట్ కలిపి, అంటే ఎక్స్-ఆర్ చేసి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటించింది. ఆ ఫలితం ఒక్కటే విన్నవాడికి ఏమీ తెలియదు. ఒక కీ చేతిలో ఉన్నవాడు రెండోది లెక్కగట్టుకుంటాడు. చక్కటి ఏర్పాటే. కానీ రెండు కీలూ తెలిసిన వాడొకడున్నాడు: ఉపగ్రహం. దాన్ని నడిపేవారు కావాలనుకుంటే కాల్ మొత్తం వినొచ్చు. అందుకోసం ఏ క్వాంటం నియమాన్నీ ఉల్లంఘించక్కర్లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఫోటాన్లకీ వర్తిస్తుంది.

అదే కాల్‌లో ఇంకో సంగతి. వీడియోని గుప్తపరిచింది క్వాంటం కాదు, మనందరి ఫోన్లలో ఉండే ఏఈఎస్ అనే మామూలు గణిత పద్ధతి. సెకనుకొకసారి 128 బిట్ల కొత్త కీ మార్చారు. ఎందుకంటే ఎప్పటికీ ఛేదించలేమని గణితవేత్త క్లాడ్ షానన్ నిరూపించిన వన్-టైమ్ ప్యాడ్ వాడాలంటే వీడియోలో ఎన్ని బిట్లుంటే అన్ని బిట్ల కీ కావాలి. అంత కీ ఆకాశం నుంచి రాలదు. కాబట్టి "భౌతికశాస్త్ర నియమాలే మీ మాటలకు కాపలా" అన్న వాక్యం అక్కడ నిజం కాదు. కీకి భౌతికశాస్త్రం కాపలా కాసింది, మాటలకు ఎప్పటిలాగే గణితం కాసింది.

నమ్మకమైన మధ్యవర్తి ఎలాగూ ఉన్నాడని ఒప్పుకున్నాక, నాకు వచ్చే కొంటె ప్రశ్న ఒకటుంది. 64 జీబీ మెమరీ కార్డు నిండా యాదృచ్ఛిక అంకెలు నింపి, నమ్మకస్తుడైన మనిషి చేతికిచ్చి విమానం ఎక్కిస్తే? రాత్రికి మూడు లక్షల బిట్ల చొప్పున ఉపగ్రహం ఆ కార్డుకి సరిపడా కీ దించడానికి 17 లక్షల రాత్రులు, అంటే నాలుగున్నర వేల ఏళ్లు పైనే కావాలి. ఉపగ్రహాలు మెరుగయ్యాయి, నిజమే. 2025లో ప్రచురించిన జినాన్-1 ఉపగ్రహం ఫలితాల్లో ఒక్కసారి మీదుగా పోయేటప్పుడే పది లక్షల బిట్ల వరకూ దిగాయి. బీజింగ్ నుంచి దక్షిణాఫ్రికాకి 12,900 కిలోమీటర్లు. కింది స్టేషన్ బరువు సుమారు 100 కిలోలు, వ్యాన్లో పెట్టుకుపోవచ్చు. అయినా మెమరీ కార్డు లెక్క వేల ఏళ్ల బదులు పద్నాలుగు వందల ఏళ్లకు దిగుతుంది, అంతే.

ఈ వాదనకు జవాబు లేకపోలేదు, అది గట్టిదే. మెమరీ కార్డుని దారిలో ఎవరైనా కాపీ చేసుకుంటే జాడ ఉండదు. దాన్ని ఏళ్ల తరబడి బీరువాలో దాచాలి, దాచిందల్లా ఎప్పుడో ఒకప్పుడు దొంగకు చిక్కుతుంది. ఉపగ్రహం ఇచ్చే కీ నిన్నటిదాకా లోకంలో లేదు, ఈ రాత్రే పుట్టింది, వాడి చెరిపేస్తే మళ్లీ లేదు. దారిలో తాకితే మరక పడుతుంది. ఇంకోటి, మధ్యవర్తి ఉండక తప్పనప్పుడు వాడు ఎక్కడుంటే మంచిదన్నది కూడా ఆలోచించాలి. బీజింగ్, షాంఘైల మధ్య 2,000 కిలోమీటర్ల ఫైబర్ క్వాంటం లైన్లో 32 స్టేషన్లున్నాయి. ప్రతి స్టేషన్లో కీ మామూలు రూపంలోకి వచ్చి మళ్లీ బయల్దేరుతుంది. ప్రతిదానికీ తలుపు, తాళం, కాపలా, రాత్రి డ్యూటీ మనిషి. వాటితో పోలిస్తే ఒక్క మధ్యవర్తి, అదీ 500 కిలోమీటర్ల ఎత్తున స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరూ చేరలేని చోట ఉన్నాడంటే మేలే. సొంత ఉపగ్రహం, సొంత స్టేషన్లు ఉన్న దేశానికి సొంత సైన్యం కోసం ఇది అర్థవంతమైన ఏర్పాటు. అద్దె ఉపగ్రహం మీద బ్యాంకు కీలు దించుకుంటాం అనేవాళ్లకి మాత్రం నా లెక్కలో ఇది కొరియర్ సర్వీసే, కాస్త ఖరీదైనది.

మధ్యవర్తిని నమ్మక్కర్లేని దారి కూడా ఉంది. 1991లో భౌతికశాస్త్రవేత్త ఆర్టర్ ఎకర్ట్ చెప్పిన పద్ధతి. ఉపగ్రహం ఎంటాంగిల్డ్, అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన, ఫోటాన్ల జతను పుట్టించి ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు వదులుతుంది. కీ అన్నది కింద రెండు చోట్లా కొలిచినప్పుడే పుడుతుంది, ఉపగ్రహానికే తెలియదు. శత్రువే ఆ ఉపగ్రహాన్ని నడుపుతున్నా, ఆ ముడి నిజమైనదేనా అని తేల్చే బెల్ పరీక్షతో మోసం పట్టుకోవచ్చు. నన్నడిగితే హెడ్డింగులకు తగిన క్వాంటం ఇదీ. 2020లో మిషియస్‌తోనే దీన్ని 1,120 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు స్టేషన్ల మధ్య చేసి చూపించారు. కీ వేగం సెకనుకు 0.12 బిట్లు. 128 బిట్ల ఒక్క కీకి దాదాపు 18 నిమిషాలు పడుతుంది, ఉపగ్రహం ఒక దఫా కనిపించేది అయిదు నిమిషాల లోపే. అంటే ఒక్క కీకి నాలుగు దఫాలు, ఆకాశం నిర్మలంగా ఉంటే. జత ఫోటాన్లు రెండూ ఒకేసారి బతికి చేరాలి కాబట్టి నష్టం మీద నష్టం గుణించుకుపోతుంది. కష్టమంతా ఇక్కడుంది, కాబట్టి పరిశోధన డబ్బు వెళ్లాల్సిందీ ఇక్కడికే.

ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీవో 2025 జూన్‌లో ప్రకటించిన ప్రయోగం అందుకే నాకు నచ్చింది. క్యాంపస్‌లో కిలోమీటరుకు పైగా దూరం, ఎంటాంగిల్మెంట్ పద్ధతి, సెకనుకు దాదాపు 240 బిట్లు, తప్పులు 7 శాతం లోపు. మన దగ్గరే 2021లో ఇస్రో వాళ్లు 300 మీటర్లు చేశారు. కిలోమీటరే కదా అని పెదవి విరిచినవాళ్లని చూశాను. దూరం చూసి కాదు, పద్ధతి చూసి మాట్లాడాలి. నేలకు ఆనుకుని ఉన్న కిలోమీటరు గాలి అంటే దుమ్ము, ఎండకు లేచే వేడి, తెరలు తెరలుగా కదిలే గాలి. అందులోంచి జతను చెడకుండా పంపడం చిన్న విషయం కాదు.

ఇంకా రెండు చిక్కులున్నాయి. ఒకటి నా వృత్తికి సంబంధించింది. క్వాంటం కీ దొంగని పట్టిస్తుంది సరే, అవతల ఉన్నది మీవాడేనని ఎవరు చెప్పాలి? జతలు చెప్పుకునే ఆ మామూలు లైన్లో దొంగ ఇటు తిరిగి అటువాడిగా, అటు తిరిగి ఇటువాడిగా నటిస్తే బీబీ84 మొత్తం వాడితోనే సజావుగా నడుస్తుంది. అలా కాకుండా ఉండాలంటే ఇద్దరి దగ్గరా ముందే ఒక చిన్న రహస్యమైనా ఉండాలి, లేదా గణితం మీద నడిచే డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం కీ మార్చుకునే క్షణంలో పగలకుండా ఉంటే చాలు, ఇరవై ఏళ్ల తర్వాత పగిలినా ఈ కీకి ఏమీ కాదు. ఇది నిజమైన లాభమే. కానీ గణితాన్ని పూర్తిగా వదిలించుకున్నాం అనేది అబద్ధం.

రెండోది పరికరాలు. నిరూపణలో ఉండే డిటెక్టర్ వేరు, బల్ల మీద ఉండే డిటెక్టర్ వేరు. 2010లో నార్వే, జర్మనీ పరిశోధకులు రెండు కంపెనీల వాణిజ్య పరికరాల మీద ప్రకాశవంతమైన వెలుతురు కొట్టి డిటెక్టర్ల కళ్లు బైర్లు కమ్మించి, తాము చెప్పిన బిట్లే అవి చెప్పేలా చేశారు. తప్పుల శాతం పెరగలేదు, అలారం మోగలేదు. ఆ లోపాలకు మందులొచ్చాయి. లేజర్ పల్స్‌లో ఒక్కోసారి రెండు ఫోటాన్లుండి దొంగకు ఒకటి దక్కే లోపానికి కూడా డికాయ్ (ఎర పల్స్‌లు కలిపి పంపే) పద్ధతి వచ్చింది, మిషియస్ అదే వాడింది. అయినా ప్రతి సిస్టమ్‌లోనూ ఏదో ఒక పవర్ సప్లై ఎక్కడో ఒకచోట చప్పుడు చేస్తూనే ఉంటుందని నా అనుమానం. పైగా దీన్ని దొంగిలించక్కర్లేదు, ఆపేయాలంటే ఒక మబ్బు చాలు.

అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ తమ జాతీయ భద్రతా వ్యవస్థలకు క్వాంటం కీ పంపిణీని సిఫారసు చేయట్లేదు. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ భద్రతా సంస్థలు 2024 జనవరిలో కలిసి ఇంచుమించు ఇదే చెప్పాయి: ముందు క్వాంటం కంప్యూటర్‌కి లొంగని కొత్త గణితానికి మారండి అని. ఆ గణిత ప్రమాణాలు మూడు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ నుంచి వచ్చేశాయి. వాటికి టెలిస్కోప్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. ఇవాళ మన డేటాని మూటగట్టి దాచుకుని, క్వాంటం కంప్యూటర్ వచ్చాక విప్పుదామని కూర్చున్నవాడికి అడ్డం పడాలంటే ఈ పని ఈ ఏడాదే చేయొచ్చు. అయితే ఈ శిబిరానికీ నేను కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టను. 2022లో సైక్ అనే ఇలాంటి కొత్త గణిత పద్ధతే, ఎన్ఐఎస్‌టీ వడపోతలో చాలా దూరం వచ్చినది, ఒక మామూలు కంప్యూటర్లో ఒకే ఒక్క కోర్ మీద గంట సేపట్లో కూలిపోయింది. గణితం అలా కూడా మోసం చేస్తుంది. ముప్పై, నలభై ఏళ్లు దాగాల్సిన రహస్యాలున్నవాళ్లు రెండు దారులూ కలిపి వాడుకోవడంలో తప్పులేదు. మిగతావాళ్లంతా, అంటే నూటికి తొంభై తొమ్మిది మంది, ముందు సాఫ్ట్‌వేర్ మార్చుకోండి.

2023 ఏప్రిల్లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కి రూ. 6,003.65 కోట్లు కేటాయించారు. దేశంలో 2,000 కిలోమీటర్ల ఎడంలో ఉన్న స్టేషన్ల మధ్య ఉపగ్రహం ద్వారా క్వాంటం కమ్యూనికేషన్ అందులో ఒక లక్ష్యం. ఆ రోజు వచ్చినప్పుడు నేను అడగబోయేది ఎన్ని కిలోమీటర్లని కాదు. ఆ ఉపగ్రహానికి కీ తెలుస్తుందా, తెలియదా? తెలిసే డిజైనే అయితే, ఆ కీలు పైన ఎంతసేపు ఉంటాయి, చెరిపేశారని ఎవరు సరిచూస్తారు, ఆ కోడ్‌ని, ఆ డిటెక్టర్లని బయటి పరిశోధకులు పగలగొట్టి చూడడానికి అనుమతి ఉందా అన్నవి ఉపగ్రహం ఎగరకముందే, టెండర్ కాగితంలోనే రాసి ఉండాలి.